పిడుగు దొర, రంగం కూలీ

(మన లెక్కలో లేని చరిత్ర – 11)

మొన్న ఏలూరులో డిగ్రీ పిల్లలతో కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పోరాడేవాడు బయటి దేశం సాయం తీసుకుంటే తప్పా? సుభాష్ బోసు తీసుకున్నాడుగా?" అని. తప్పనో ఒప్పనో ఒక్క మాట చెప్పి లేచి రావచ్చు. కానీ సాయం చేసేవాడు ఎవడు, వాడి జేబులో ఉన్న ఆర్డరు ఏమిటి, ఆ సాయం ఖర్చు చివరికి ఎవరి ఖాతాలో పడింది అనేవి చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం. అందుకని ఈ వారం ఒక జపాన్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఉద్యోగ చరిత్ర రాస్తున్నాను. పేరు సుజుకి కెయిజి. బర్మా తిరుగుబాటుదారులను తయారుచేసి, వాళ్ళకు తుపాకులిచ్చి, వాళ్ళ సైన్యానికి తానే సేనాపతి అయి ఊరేగిన మనిషి.

కైకలూరులో కూర్చుని జపాన్ కల్నల్ సంగతి ఎందుకయ్యా అంటారేమో. ఆయన పనికీ మన పల్లెలకీ మధ్య ఒక రేవు ఉంది. అక్కడికే వస్తున్నాను.

సుజుకి 1897లో జపాన్‌లోని హమమత్సులో పుట్టాడు. సైనిక అకాడమీ, ఆ తరువాత స్టాఫ్ కాలేజీ. 1940 నాటికి టోక్యోలో సైన్యం అత్యున్నత కార్యాలయంలో పనిచేస్తున్నాడు. అప్పటికి మూడేళ్ళుగా జపాన్ చైనా మీద యుద్ధం చేస్తోంది. చైనా తీరమంతా పట్టుకుంది. అయినా లోపల చాంగ్ కై షేక్ ప్రభుత్వం లొంగడం లేదు. ఎందుకంటే దానికి వెనక నుంచి ఒక దారి ఉంది. సరుకు ఓడలో రంగూన్ వస్తుంది. రంగూన్ నుంచి రైల్లో లాషియో. లాషియో నుంచి కొండల్లో పదకొండు వందల కిలోమీటర్లకు పైగా లారీల్లో చైనాలోని కున్మింగ్. 1938లో పూర్తయిన ఆ దారినే బర్మా రోడ్డు అంటారు. సుజుకికి పై నుంచి వచ్చిన పని ఒక్కటే. ఈ రోడ్డు మూతపడే ఉపాయం చూడమన్నారు. బర్మాకు స్వాతంత్ర్యం తెమ్మని ఆయనకెవరూ చెప్పలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

ఇంతకీ ఆ రోడ్డు ఎక్కడ మొదలవుతుంది? పుస్తకాల్లో లాషియో అని ఉంటుంది. నన్నడిగితే రంగూన్ రేవులో ఓడ నుంచి పెట్టె దించే మనిషి వీపు మీద మొదలవుతుంది. ఆ వీపు మన తెలుగు కూలీది.

మన పెద్దవాళ్ళు రంగూన్ అనేవాళ్ళు కాదు, రంగం అనేవాళ్ళు. "రంగం పోయాడు" అంటే కూలికి సముద్రం దాటాడని అర్థం. మా కొల్లేరు అంచు ఊళ్ళ కంటే తూర్పు గోదావరి, విశాఖ, గంజాం వైపు నుంచి ఎక్కువ మంది పోయారు. కాకినాడలోనో విశాఖపట్నంలోనో స్టీమరు డెక్కు మీద చోటు దొరికించుకుని పోయేవాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి పాత రేవు కదా, ఆ పేరుతోనే బర్మాలో తెలుగువాడు 'కోరంగీ' అయ్యాడు. ఊరి పేరుగా మొదలైన మాట కాలక్రమంలో తిట్టయింది. పేరు తిట్టుగా మారడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

1931 జనాభా లెక్కల్లో బర్మాలో ఉన్న భారతీయులు పది లక్షల పైచిలుకు. అందులో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైనే. రంగూన్ నగరంలో అప్పుడు నాలుగు లక్షల జనం ఉంటే వాళ్ళలో 2,12,929 మంది భారతీయులే. రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో బస్తాలెత్తింది, రిక్షా లాగింది, నగరం మలం ఎత్తింది ఎక్కువగా మనవాళ్ళు. మాలలు, మాదిగలు, జాలర్లు, చెక్క భూమి లేని ఇంకా ఎన్నో కులాలు. ఊళ్ళో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. అక్కడ ఆ మేస్త్రీ మీద ఇంకో మేస్త్రీ, అతని మీద కాంట్రాక్టరు, ఆపైన ఇంగ్లీషు కంపెనీ. కూలి డబ్బు పై నుంచి కిందికి దిగేలోపు ఒక్కొక్క మెట్టు మీద కొంత కొంత రాలిపోయేది. రంగూన్‌లో వలస కార్మికుల శాఖలో పనిచేసిన ఆండ్రూ అనే అధికారి 1933లో ఈ పద్ధతి మీద పుస్తకమే రాశాడు. మన ఇటుక బట్టీల్లో, చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళు అది చదివితే కొత్తగా ఏమీ అనిపించదు.

మరి అంత కష్టమైతే ఎందుకు పోయారు? ఊళ్ళో పాలేరుతనానికి కొలత ధాన్యం. రంగంలో కూలి రూపాయల్లో. ఆ రూపాయల మీద కామందు చెయ్యి లేదు. అక్కడ మేస్త్రీ దోచుకుంటాడు నిజమే, కానీ నీ తాత అప్పు తీర్చమని నీ కొడుకును గొడ్లకాడ కట్టెయ్యడు. రంగం డబ్బుతో పెంకుటిల్లు వేసిన, అరెకరం కొన్న మాటలు గోదావరి జిల్లాల పల్లెల్లో ఇప్పటికీ వినపడతాయి. కామందుల మేడలకు బర్మా టేకు దూలాలు వచ్చిన దారిలోనే మన పల్లెలకు ఆ నాలుగు రూపాయలూ వచ్చాయి.

ఇక 1930 మే. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టీవ్‌డోర్ కంపెనీలు ఏం చేశాయి? అప్పటిదాకా రేవు పనికి పెద్దగా పిలవని బర్మీయులను తెచ్చి పనిలో పెట్టాయి. కొన్నాళ్ళకు తెలుగువాళ్ళతో రాజీ కుదిరింది. కుదిరిన మరుక్షణం బర్మీయులను పొమ్మన్నాయి. మే 26న పనికని వచ్చిన బర్మా కూలీకి అక్కడ తెలుగు కూలీ కనపడ్డాడు. ఇంకేముంది, గొడవ. రెండు రోజుల్లో రంగూన్ వీధుల్లో కోరంగీలను వెతికి వెతికి చంపారు. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు వంద దాటారు. వేలమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. కంపెనీ గుమాస్తాకు ఒక్క దెబ్బ తగిలినట్టు నేనెక్కడా చదవలేదు.

ఈ గొడవలోంచే ఒక సంస్థ పుట్టింది. దొబామా ఆసీఅయోన్, అంటే 'మేము బర్మీయులం' సంఘం. దాని సభ్యులు తమ పేర్ల ముందు 'తఖిన్' అని పెట్టుకున్నారు. తఖిన్ అంటే దొర. తెల్లవాడిని దొరా అని పిలవాల్సి వస్తోంది, ఈ దేశానికి దొరలం మేమే అని వాళ్ళ వాదన. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ ధైర్యమూ నచ్చుతుంది. కానీ దొర అనే మాటను కొట్టెయ్యకుండా కుర్చీ మార్చి కూర్చోవడం దగ్గర నాకు కుసుమ ధర్మన్న గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో ఆయన నల్లదొరతనం మాట ఎత్తింది 1921లో. తెల్లదొర పోతే చాలా, మరి ఊళ్ళో దొర సంగతేమిటి అని అడిగినవాడు ఆయన.

బర్మా రైతుకు కోపం రావడానికి గట్టి కారణాలే ఉన్నాయి, అవి దాచకూడదు. ధాన్యం ధర పడిపోయిన ఆ పదేళ్ళలో దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి తమిళ చెట్టియార్ల చేతికి పోయింది. అప్పు పత్రం రాయించుకున్నవాడు చెట్టియార్. కోర్టు, పోలీసు ఇంగ్లీషువాడివి. దెబ్బలు తిన్నవాడు కోరంగీ కూలీ. మన ఊళ్ళలోనూ అంతే కదా, గోదాము యజమాని మీద కోపం హమాలీ మీద తీరుతుంది, అతను రోడ్డు మీద దొరుకుతాడు కాబట్టి.

తఖిన్లలో ఒక విద్యార్థి నాయకుడు ఆంగ్ సాన్. 1940 మార్చిలో మన రాంగఢ్ కాంగ్రెస్ మహాసభకు కూడా వచ్చి గాంధీని, నెహ్రూను చూసి వెళ్ళాడు. మనవాళ్ళ దగ్గర మాటలు దొరికాయి గానీ తుపాకులు దొరకలేదు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన మీద వారంటు తీసింది. ఆగస్టులో ఇంకో సహచరుడితో కలిసి మారుపేరుతో ఓడెక్కి చైనాలోని అమోయ్ చేరాడు. చైనా కమ్యూనిస్టుల సాయం దొరుకుతుందని ఆశ. డబ్బు అయిపోయింది, ఎవరూ రాలేదు.

సరిగ్గా ఆ వేసవిలోనే రంగూన్‌లో ఒక జపాన్ విలేకరి తిరుగుతున్నాడు. పేరు మినామి మసుయో. యొమియురి పత్రిక మనిషినని, జపాన్–బర్మా సంఘం పని మీద వచ్చానని చెప్పుకున్నాడు. డాక్టర్లను, లాయర్లను, తఖిన్లను పరిచయం చేసుకున్నాడు. ఆయనే సుజుకి. అమోయ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు దిక్కులేకుండా ఉన్నారని ఆయనకు తెలిసింది. అమోయ్ జపాన్ ఆధీనంలో ఉంది, వాళ్ళను వెతికి పట్టుకోవడం ఎంతసేపు? నవంబరుకల్లా ఆంగ్ సాన్ టోక్యోలో ఉన్నాడు. కమ్యూనిస్టుల కోసం బయల్దేరినవాడు ఆ కమ్యూనిస్టులతోనే యుద్ధం చేస్తున్న సైన్యం ఇంటికి అతిథిగా చేరాడు.

1941 ఫిబ్రవరి 1న మినామి కికాన్ పుట్టింది. కికాన్ అంటే సంస్థ. మినామి అంటే దక్షిణం, సుజుకి దొంగ పేరు కూడా అదే. బయటికి అదొక వ్యాపార పరిశోధన సంఘం. లోపల సైన్యం, నౌకాదళం కలిసి నడిపిన రహస్య శాఖ. గూఢచారులకు శిక్షణ ఇచ్చే నకానో స్కూలు కుర్రాళ్ళు అందులో ఆఫీసర్లు. ఆంగ్ సాన్‌ను రహస్యంగా రంగూన్ పంపి ఇంకొంతమందిని రప్పించారు. అలా చేరిన ముప్పై మందికి హైనాన్ దీవిలో నెలల తరబడి గెరిల్లా యుద్ధం, విధ్వంసం నేర్పారు. బర్మా చరిత్రలో 'ముప్పై మంది సహచరులు' వీళ్ళే. వీళ్ళలో షూ మాంగ్ అనే పోస్టాఫీసు గుమాస్తా ఒకడు. తరువాత ఆయన పెట్టుకున్న యుద్ధ నామం నే విన్. ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

1941 డిసెంబరు ఆఖరి వారంలో బ్యాంకాక్‌లో బర్మా ఇండిపెండెన్స్ ఆర్మీని ప్రకటించారు. సహచరులు చేతులు కోసుకుని, ఆ రక్తం వెండి గిన్నెలో కలుపుకుని తాగి ప్రమాణం చేశారు. సేనాపతి సుజుకి. ఆంగ్ సాన్ ఆయన కింద. సుజుకి తనకు బో మోజో అనే బర్మా పేరు పెట్టుకున్నాడు. మన మాటల్లో పిడుగు దొర. దీని వెనక ఒక లెక్క ఉంది. బర్మా జనంలో ఒక పాత జోస్యం తిరుగుతుండేది. గొడుగు కర్రను పిడుగు కొడుతుందని అందులో ఉంది. గొడుగు కర్ర అంటే ఇంగ్లీషువాడని జనం నమ్మకం. ఆ పిడుగు నేనే అన్నాడీయన. తెల్లవాళ్ళ కాలంలో దేశం విడిచిపోయిన బర్మా రాకుమారుడు మింగున్ వారసుడు ఇతనేనని కూడా పుకారు పుట్టింది. దాన్ని ఆపే ప్రయత్నం ఆయన చెయ్యలేదు. ఒక దేశం నమ్మకాలను చదివి, వాటిని చొక్కాలా తొడుక్కోవడం ఇంటెలిజెన్స్ ఆఫీసర్ విద్య. మన ఊళ్ళకొచ్చి మన దేవుడి పేరు, మన నాయకుడి పేరు మనకంటే గట్టిగా పలికేవాళ్ళను చూసినప్పుడు నాకు బో మోజో గుర్తొస్తాడు.

అలాగని సుజుకిని ఉత్త మోసగాడు అనేస్తే కథ తేలికైపోతుంది. బర్మా స్వాతంత్ర్యం విషయంలో ఆయన తన పైవాళ్ళతో నిజంగానే గొడవపడ్డాడు. మౌల్మేన్ పట్టుకోగానే స్వాతంత్ర్యం ప్రకటిస్తామని కుర్రాళ్ళకు ఆశ పెట్టాడు. మౌల్మేన్ పడింది, పై నుంచి ఒప్పుకోలేదు. రంగూన్ పట్టుకున్నాక అన్నారు. రంగూన్ పడింది, అప్పుడూ ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో తఖిన్ టున్ ఓక్ నాయకత్వంలో ఒక తాత్కాలిక ప్రభుత్వాన్ని ఆయన నిలబెట్టాడు గానీ దాని ఆయుష్షు రెండు నెలలు. జపాన్ సైన్యంలో చాలామంది కంటే ఆయన బర్మీయులను మనుషుల్లా చూశాడని యుద్ధకాలంలో బర్మా ప్రధాని అయిన బా మా రాసిన జ్ఞాపకాలు చదివితే తెలుస్తుంది. అదే పుస్తకంలో ఇంకో సంగతి కూడా ఉంది, దానికి వస్తాను. ముందు రేవుకు పోదాం.

1941 డిసెంబరు 23. పొద్దున పది గంటల వేళ రంగూన్ మీద జపాన్ విమానాలు వచ్చాయి. విమానాల బాంబు దాడి ఎలా ఉంటుందో అప్పటిదాకా ఆ నగరానికి తెలియదు. జనం వీధుల్లో నిలబడి పైకి చూశారు. ఆ ఒక్క రోజు దాదాపు రెండు వేల మంది పోయారని అంచనా. క్రిస్మస్ రోజు మళ్ళీ వచ్చారు. బాంబులకు గురి రేవు. రేవులో ఉన్నది ఎవరు? చైనాకు పోవాల్సిన లారీ సామాను, ఇంజన్లు, మందుగుండు దించుతున్న మనవాళ్ళు. సుజుకికి ఇచ్చిన ఆర్డరు రోడ్డు మూసెయ్యమని. విమానాలు ఆ రోడ్డు మొదటి గజాన్ని కొట్టాయి.

కూలీలు పారిపోయారు. రేవు ఆగిపోయింది. చైనాకు పోవాల్సిన సరుకు గుట్టలుగా పడిపోయింది. నగరం విడిచిపోయేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు, అమెరికన్లు బిగించని లారీలే తొమ్మిది వందలకు పైగా తగలబెట్టారు. అంతకుముందు ప్రభుత్వం ప్రోమ్ రోడ్డు మీద నడిచిపోతున్న కూలీలను బతిమాలి, భయపెట్టి వెనక్కి తిప్పింది. రేవు నడవాలి, పాయిఖానాలు శుభ్రం కావాలి కదా. పెద్ద ఉద్యోగి భార్యకు ఓడలో చోటుంది, విమానంలో చోటుంది. కోరంగీకి రెండూ లేవు. బతికినన్నాళ్ళూ తాకకూడదన్న చేతులు ఆ రోజు మాత్రం లేకపోతే గడవదు, వెళ్ళనివ్వకూడదు అయ్యాయి.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. అప్పటికి లక్షల మంది నడుస్తున్నారు. కొందరు ప్రోమ్ నుంచి అరకాన్ కొండల్లో టాంగుప్ కనుమ దాటి సముద్రం వైపు. ఇంకా ఎక్కువ మంది ఉత్తరాన కలేవా, తాము మీదుగా మణిపూర్‌కు. కొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాంకు. కలరా, ఆకలి, తరువాత వాన. మొత్తం నాలుగైదు లక్షల మంది బయటపడ్డారని అంటారు. దారిలో చనిపోయినవాళ్ళ అంచనా పది వేల నుంచి యాభై వేలు, ఇంకా పైకి కూడా పోతుంది. ఇంత తేడా ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు. కూలీ చనిపోతే రిజిస్టరు రాసేవాడెవడు?

ఆ దారిలో కూడా వర్ణం ఉంది. మణిపూర్ సరిహద్దులో యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మంచి దారి, సామాన్య భారతీయులకు ఇంకో దారి. జనం వాటిని తెల్ల దారి, నల్ల దారి అన్నారు. వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడు ఆణే స్వయంగా వెళ్ళి చూసొచ్చి వివక్ష ఉందని చెప్పాడు. దేశమంతా ఆగ్రహపడింది, సరే. మన పల్లెల్లో మంచినీళ్ళ బావి దగ్గర రెండు దారులు అప్పటికి వందల ఏళ్ళ నుంచి ఉన్నాయి.

నడుస్తున్న ఈ జనం మీద దారిలో దాడులు జరిగాయి. దొంగలు దోచారు. పిడుగు దొర సైన్యం పేరు చెప్పుకుని దాని చుట్టూ చేరిన మూకలు దోచాయి. మూడు నెలల్లో ఆ సైన్యం కొన్ని వందల నుంచి పదివేలు దాటింది. చేరినవాడెవడో, వాడికి తుపాకీ ఎవరిచ్చారో అడిగే పరిస్థితి లేదు. వాళ్ళకు నేర్పిన పాఠంలో పరాయివాడంటే ఇంగ్లీషువాడు, అతని పక్కన నిలబడినవాడు. చెట్టియార్ అప్పటికే మద్రాసు చేరాడు. దొరికినవాడు కోరంగీ.

ఇప్పుడు బా మా పుస్తకంలో ఉందన్న సంగతి. దిగువ ఇరావదీలో మ్యాంగ్‌మ్యా ప్రాంతం. అక్కడి కరెన్‌లు కొండజాతి మూలాలున్న అల్పసంఖ్యాకులు, చాలామంది క్రైస్తవులు, బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్ళు. 1942 వేసవిలో సుజుకికి ఇష్టుడైన ఒక జపాన్ ఆఫీసర్ అక్కడ చనిపోయాడు. ప్రతీకారంగా రెండు కరెన్ ఊళ్ళను సుజుకి తుడిచిపెట్టించాడని బా మా రాశాడు. చంపినవాళ్ళకు ఆ ఊళ్ళ తప్పేమిటో కూడా తెలియదు. తరువాత వారాల తరబడి కరెన్‌లకూ బర్మీయులకూ మధ్య మారణకాండ నడిచింది. కరెన్‌ల సాయుధ పోరాటం 1949లో మొదలై ఇప్పటికీ ఆరలేదు. దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, కానీ ఆ రెండు ఊళ్ళు ఆ జ్ఞాపకంలో ముందు వరసలో ఉంటాయి. బర్మీయుల స్వేచ్ఛను నిజంగా కోరిన మనిషే ఈ పని చేశాడు.

ఏప్రిల్ 29న లాషియో పడింది. బర్మా రోడ్డు తెగింది. సుజుకికి 1940లో ఇచ్చిన పని పూర్తయింది. తరువాత ఆరు వారాలకే, జూన్‌లో, మినామి కికాన్‌ను రద్దు చేసి సుజుకిని జపాన్‌కు వెనక్కి పిలిపించారు. జూలైలో ఆయన సైన్యాన్నీ రద్దు చేసి, సుమారు మూడు వేల మందితో బర్మా డిఫెన్స్ ఆర్మీ అని కొత్త బోర్డు పెట్టి ఆంగ్ సాన్‌కు అప్పగించారు. మిగతావాళ్ళను ఇంటికి పొమ్మన్నారు. మన కొల్లేరులో సొసైటీ పేరు మాల, వడ్డి కుటుంబాలది, చెరువు మీద పెత్తనం లీజుదారుడిది అని అందరికీ తెలుసు. పట్టుబడి అయిపోయాక సొసైటీ సభ్యుడికి గట్టు మీద నిలబడే పని కూడా ఉండదు. ఇదీ అంతే.

అదే కాలంలో మలయాలో మేజర్ ఫుజివారా ఇవైచి ఇదే పని మన సిపాయిలతో చేశాడు. లొంగిపోయిన కెప్టెన్ మోహన్ సింగ్‌ను చేరదీసి, 1942 ఫిబ్రవరి 17న సింగపూర్ ఫారర్ పార్కులో దాదాపు నలభై అయిదు వేల మంది భారత ఖైదీల ముందు మాట్లాడి మొదటి ఐఎన్ఏకు పునాది వేశాడు. ఆయన కూడా మనసున్న మనిషనే పేరు పొందాడు. కొన్ని నెలల్లో ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చారు. డిసెంబరుకల్లా మోహన్ సింగ్ జపాన్ నిర్బంధంలో ఉన్నాడు. తమ్ముడు అడిగిన బోసు దీని తరువాత వచ్చాడు, అది ఇంకో భాగానికి సరిపడా ఉంది. అదే మలయా నుంచి తమిళ, తెలుగు తోట కూలీలను వేలకొద్దీ తీసుకుపోయి సయాం–బర్మా రైలు మార్గం వేయించారు. ఆ పట్టాల కింద ఎన్ని వేల ఎముకలున్నాయో చెప్పే రిజిస్టరూ సరిగ్గా లేదు.

నడిచి నడిచి ఇల్లు చేరిన రంగం కూలీకి ఇక్కడేం కనపడింది? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఓడెక్కిన రేవు, దిగిన రేవు, రెండూ ఒకే సైన్యం చేతిలో దెబ్బతిన్నాయి. వచ్చినవాడి చేతిలో రూపాయి లేదు. మళ్ళీ అదే కామందు కళ్ళం.

సుజుకి తరువాత మేజర్ జనరల్ అయ్యాడు. 1943 ఆగస్టు 1న బర్మాకు జపాన్ ఇచ్చిన 'స్వాతంత్ర్యం' ఎంత ఉత్తుత్తిదో తఖిన్లకు త్వరగానే తెలిసింది. 1945 మార్చి 27న ఆంగ్ సాన్ సైన్యం జపాన్ మీదికే తిరిగింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు సుజుకిని యుద్ధ నేరాల విచారణకు రంగూన్ పట్టుకొచ్చారు. మా స్వాతంత్ర్యానికి సాయం చేసినవాడని ఆంగ్ సాన్ అడ్డుపడ్డాడు, వదిలేశారు. గురువు మీద కృతజ్ఞత బాగుంది. ఆ విడుదల గురించి ఆ రెండు కరెన్ ఊళ్ళలో మిగిలినవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. ఆంగ్ సాన్‌ను 1947 జూలై 19న సొంత దేశపు ప్రత్యర్థులే కాల్చి చంపారు. సుజుకి 1967 వరకు బతికాడు.

ఇది జపాన్‌వాడికి మాత్రమే తెలిసిన విద్య అనుకోకండి. 1998 ఫిబ్రవరిలో అండమాన్‌లోని ల్యాండ్‌ఫాల్ దీవిలో ఆరుగురు బర్మా తిరుగుబాటు నాయకులు చనిపోయారు. ఆయుధాల దొంగలను పట్టుకున్నామని మన సైన్యం ప్రకటించింది, దానికి ఆపరేషన్ లీచ్ అని పేరు. బతికినవాళ్ళు చెప్పింది వేరు. భారత సైనిక ఇంటెలిజెన్స్ మాతో పనిచేసింది, వాళ్ళు రమ్మంటేనే వచ్చాం, వచ్చాక మా నాయకులను కాల్చేశారు అని. అరకాన్, కరెన్ జాతులకు చెందిన ముప్పై మందికి పైగా పదేళ్ళు దాటి మన జైళ్ళలో మగ్గారు. లాయర్ నందితా హక్సర్ ఆ కేసు పట్టుకుని పోరాడి, ఆ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ మీద పుస్తకం రాశారు. స్టడీ సర్కిళ్ళలో చదవాల్సిన పుస్తకం.

ఇక నే విన్. హైనాన్‌లో సుజుకి తయారుచేసిన ఆ పోస్టాఫీసు గుమాస్తా 1962 మార్చి 2న బర్మా ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కాడు. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాడు. 1964 మేలో యాభై, వంద చాట్ నోట్లు చెల్లవన్నాడు. యుద్ధం తరువాత మళ్ళీ పోయినవాళ్ళు, అసలు కదలకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళు, అక్కడే పుట్టిన పిల్లలు, మొత్తం మూడు లక్షల వరకు భారతీయులు దేశం విడవాల్సి వచ్చింది. ఓడ దిగేటప్పుడు చేతిలో ఒక ట్రంకు పెట్టె. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ అంటారు, అలా దిగినవాళ్ళకు వేసిన క్యాంపు అది. వదిలేసి రాలేకపోయిన తెలుగువాళ్ళు మోన్ రాష్ట్రం వైపు ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

1981 జనవరి 4న, బర్మా స్వాతంత్ర్య దినం నాడు, నే విన్ ప్రభుత్వం మినామి కికాన్‌కు చెందిన ఏడుగురు జపానీయులకు ఆంగ్ సాన్ పేరిట అత్యున్నత బిరుదు ఇచ్చింది. సుజుకి అప్పటికి లేడు, ఆయన భార్య అందుకుంది.

మీ ఇళ్ళలో రంగం పోయిన ముత్తాత ఎవరైనా ఉంటే కింద రాయండి. ఏ ఊరు, ఏ రేవులో ఎక్కారు, ఏ పని చేశారు, నడిచొచ్చారా, రాలేదా. మేస్త్రీ పేరు గుర్తుంటే అదీ రాయండి. స్టీమరు టికెట్టు, క్యాంపు కార్డు, పాత ఫొటో, రంగం నుంచి తెచ్చిన లక్క గిన్నె, ఏదున్నా ఫొటో తీసి పంపండి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్న ఇళ్ళవాళ్ళు ఈ వారమే అడగండి.

జై భీమ్.